పియానో సాధన కదలకుండా ఆగిపోతే ఎక్కడ వెతకాలి

పియానో నేర్చుకునేవాళ్ళకి అసలు గడ్డుకాలం మొదటి నెలలో రాదు. రెండో ఏడో మూడో ఏడో వస్తుంది. అప్పటికి రెండు చేతులూ కాస్త కలుస్తుంటాయి, నాలుగైదు పాటలు చేతికి వచ్చి ఉంటాయి, ఇంటికి చుట్టాలొస్తే కూర్చుని వాయించగలుగుతారు. ఆ తరవాత నెలలు గడుస్తాయి కానీ చెయ్యి అక్కడే ఉంటుంది. కొత్త పాట మొదలుపెడితే మొదటి పేజీ పది రోజుల్లో వచ్చేస్తుంది, రెండో పేజీ మూడు నెలలైనా రాదు. ఇంట్లోవాళ్ళు ఇంకో అరగంట ఎక్కువ కూర్చోమంటారు. నేర్చుకునేవాళ్ళేమో తమకి చెవి లేదనో, వేళ్ళు పొట్టివనో, వయసు దాటిపోయిందనో తీర్పు ఇచ్చేసుకుంటారు. చాలాసార్లు ఇవేవీ కారణం కావు.

2009లో అమెరికాలో, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ఈ సంగతినే పరీక్షించింది. బాగా వాయించగల 17 మంది పియానో విద్యార్థులకి రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ రాసిన కన్సర్టోలోంచి (పియానో, వాద్యబృందం కలిసి వాయించే రచన) ఒక చిన్న ముక్క ఇచ్చి, ఎవరికి చాలనిపించినంతసేపు వాళ్ళని సాధన చేసుకోనిచ్చారు. మర్నాడు మళ్ళీ పిలిచి వాయించమన్నారు. ఎవరెంత బాగా వాయించారో వరస పెట్టి చూస్తే, ఆ వరసకీ సాధన చేసిన నిమిషాలకీ పొంతన కుదరలేదు. ఎన్నిసార్లు వాయించారన్న లెక్కతోనూ కుదరలేదు. పైన నిలిచినవాళ్ళు కూడా మొదట్లో తప్పులు చేసినవాళ్ళే. కాకపోతే తప్పు పడగానే అది ఏ స్వరం దగ్గర పడిందో పట్టుకున్నారు, అక్కడ వేగం తగ్గించారు, అది కుదిరాకే ముందుకి వెళ్ళారు. సాధనలో వాయించినవాటిలో తప్పు లేనివి ఎంత ఎక్కువ ఉంటే మర్నాటి వాయింపు అంత బాగుంది.

సాధన ఆగిపోయిందంటే చాలా పెద్ద విషయంలా వినిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే అది రెండు మూడు చిన్న చోట్లకి కుదించుకుపోతుంది: ఫలానా బార్‌లో (సంగీతం రాసిన కాగితం మీద రెండు నిలువు గీతల మధ్య భాగం), ఫలానా రెండు స్వరాల మధ్య, ఫలానా వేలు సమయానికి చేరడం లేదు. ఆ చోటు పట్టుకోవడమే సాధనలో సగం పని.

మొదటినుంచి చివరిదాకా

40 బార్ల పాట ఒకటి తీసుకుందాం. చిక్కు 17, 18 బార్లలో ఉంది. రోజుకి పదిసార్లు మొదటినుంచి చివరిదాకా వాయిస్తే 400 బార్లు వాయించినట్టు. అందులో చిక్కున్న చోటికి దక్కింది 20. ఆ 20 కూడా తప్పుగానే పడ్డాయి. గంట కష్టపడి బాగా వచ్చిన భాగాన్ని ఇంకా బాగా, రాని భాగాన్ని ఇంకా గట్టిగా తప్పుగా నేర్చుకున్నట్టయింది.

దీనికి తోడు మరో అలవాటు. తప్పు స్వరం పడగానే ఠక్కున ఆగి, సరైన మెట్టు నొక్కి, అక్కడినుంచి ముందుకు సాగిపోతారు. సరిచేసుకున్నామనే అనుకుంటారు. చేతికి మాత్రం “తప్పు, ఆగడం, ఒప్పు” అన్న మూడూ కలిపి ఒకే కదలికగా అలవాటవుతాయి. అందుకే పదిమంది ముందు వాయించినప్పుడు కూడా సరిగ్గా అదే చోట, అదే తడబాటు.

పైగా తప్పు వినబడే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి. కుడిచేత్తో సి మేజర్ స్కేల్ (సి నుంచి పై సి దాకా తెల్లమెట్ల వరస) ఎక్కుతున్నప్పుడు చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. వేళ్ళ వరస 1-2-3-1-2-3-4-5. అంటే సి, డి, ఇ మీద బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఆ వెంటనే ఎఫ్ మీద మళ్ళీ బొటనవేలు. చాలామందికి ఎఫ్ స్వరం ఒక దెబ్బలా గట్టిగా పడుతుంది, లేదా రవ్వంత ఆలస్యంగా పడుతుంది. అందుకని ఎఫ్ మీద శ్రద్ధ పెట్టి పదిసార్లు వాయిస్తారు. తేడా ఏమీ రాదు, ఎందుకంటే లోపం ఎఫ్ దగ్గర లేదు. సి వదిలిన క్షణం నుంచే, చూపుడువేలు డి వాయిస్తుండగానే, బొటనవేలు అరచేతి కిందికి జరగడం మొదలుపెట్టాలి. అది సి దగ్గరే ఉండిపోయి, ఇ అయిపోయాక ఒక్కసారిగా కిందినుంచి దూరితే మోచేయి పైకి లేస్తుంది, చెయ్యి మొత్తం బొటనవేలి మీద పడుతుంది. వినబడే దెబ్బ అదే. దిద్దుకోవాల్సింది డి దగ్గర.

కాబట్టి చిక్కున్న చోటు దొరికాక ఒకటి రెండు స్వరాలు వెనక్కి వెళ్ళి, అక్కడ చెయ్యి ఏం చేస్తోందో చూడాలి. వేళ్ళ అంకెలు కాగితం మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. ఒకరోజు నాలుగో వేలు, ఇంకోరోజు మూడో వేలు పడుతున్నంతకాలం చేతికి ఏదీ అలవాటు కాదు. స్వరాలు ఒకటే అయినా చేతికి అవి రెండు వేర్వేరు పాటలు.

ఆ తరవాత ముక్క కొయ్యాలి. ఒక బార్, దాని తరవాతి బార్‌లో మొదటి స్వరం. ఆ మొదటి స్వరం వదిలేయకూడదు. బార్ గీత దగ్గర కోసేస్తే ప్రతి ముక్కా విడిగా బాగానే వస్తుంది, కలిపినప్పుడు అతుకుల దగ్గర ఆగుతుంది. ఈ ముక్కని తప్పు పడని వేగంలో, అది అసలు వేగంలో సగమైనా మూడోవంతైనా సరే, వరసగా అయిదుసార్లు శుభ్రంగా వాయించాలి. నాలుగోసారి తప్పు పడితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి, ఇంకాస్త తగ్గించిన వేగంలో. అది నిలిచాక ముందు బార్ కలపాలి, ఆ తరవాత వెనక బార్.

ఇదంతా కుదిరిన రోజు బాగానే వాయిస్తారు. అది లెక్కలోకి రాదు. మర్నాడు కూర్చోగానే, వేళ్ళు వేడెక్కకముందే, ఆ ముక్కని ఒక్కసారి వాయించి చూడాలి. ఆ మొదటి ప్రయత్నంలో ఎలా వచ్చిందన్నదే అసలు కొలత. దాన్ని ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, వేగం అంకెతో సహా రాసుకుంటే రెండు వారాల్లో ఏది కదులుతోందో ఏది కదలడం లేదో కళ్ళకి కనిపిస్తుంది.

ఫర్ ఎలీస్ రెండో పేజీ

బేతోవెన్ 1810లో రాసిన ‘ఫర్ ఎలీస్’ పియానో నేర్చుకునే దాదాపు ప్రతి ఒక్కరి చేతికీ వస్తుంది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఒకే చోట ఆగుతారు. మొదటి భాగం హాయిగా వస్తుంది: ఇ, డి షార్ప్ (డి కుడిపక్క నల్లమెట్టు) ఊగిసలాట, ఎడమచేతి కార్డ్‌లు (కలిపి మోగే స్వరాల గుంపులు) విడి స్వరాలుగా. ఎఫ్ మేజర్‌లో రెండో భాగం మొదలవుతుంది, కాసేపటికి కుడిచేతికి చిన్న విలువల స్వరాలు గుంపుగా వస్తాయి. అక్కడ పాట కూలిపోతుంది.

కారణం లెక్కలో ఉంది. ఈ పాట కొలత 3/8, అంటే బార్‌కి మూడు ఎయిత్ నోట్లు. మొదటి భాగంలో ఎక్కువగా వచ్చేవి సిక్స్‌టీంత్ నోట్లు, ఎయిత్ నోటుకి రెండు చొప్పున. రెండో భాగంలోని ఆ గుంపు థర్టీసెకండ్ నోట్లు, ఎయిత్ నోటుకి నాలుగు. మెట్రోనోమ్‌ని (నిమిషానికి ఇన్ని దెబ్బలని లయ కొట్టే యంత్రం) ఎయిత్ నోటుకి 120 దగ్గర పెడితే మొదటి భాగంలో సెకనుకి 4 స్వరాలు పడాలి, ఆ గుంపులో 8 పడాలి. సెకనుకి నాలుగు వాయించగలిగే చెయ్యి మొదటి పేజీని ధీమాగా 120లో అందుకుంటుంది, రెండో పేజీలో తన శక్తికి రెండింతలు అడిగించుకుంటుంది.

మందు మొదటి పేజీలోనే ఉంది. ముందు ఆ థర్టీసెకండ్ నోట్ల చోటుకి వెళ్ళి, తడబడకుండా ఏ వేగంలో వస్తుందో మెట్రోనోమ్‌తో తేల్చుకోవాలి. 66లో వస్తే అక్కడ సెకనుకి 4.4 స్వరాలు. ఇప్పటికి మొత్తం పాట వేగం 66. మొదటి పేజీ అంత నెమ్మదిగా వాయించడం విసుగ్గా ఉంటుంది, అయినా అదే సరైన వేగం. వారానికి నాలుగైదు అంకెలు పెంచుకుంటూ పోతే పాటంతా ఒక్కటిగా పెరుగుతుంది. ఏ పాటకైనా సూత్రం ఇదే: ముందు పేజీలన్నీ తిరగేసి, అన్నిటికన్నా కిక్కిరిసిన బార్ ఏదో చూసి, పని అక్కడినుంచి మొదలుపెట్టాలి.

వేగం ఒకచోట ఆగిపోతే

నాలుగేసి అంకెలు పెంచుకుంటూ వెళ్తుంటే ఒక చోటికొచ్చాక ఇక పెరగదు. 60 నుంచి 92 దాకా నల్లేరు మీద బండిలా సాగుతుంది, 96లో చెయ్యి బిగుసుకుంటుంది. వారం గడిచినా అంతే. ఇది ఓపిక లేకపోవడం వల్ల వచ్చేది కాదు.

నెమ్మదిగా వాయించేటప్పుడు ప్రతి స్వరం విడి కదలిక. వేలు లేస్తుంది, పడుతుంది, తరవాతి వేలు సిద్ధమవుతుంది. వేగంగా వాయించేటప్పుడు అంత సమయం ఉండదు. నాలుగైదు స్వరాలు కలిసి చేతి ఊపు ఒకటవుతుంది, మణికట్టూ ముంజేయీ ఆ గుంపుని మోసుకెళ్తాయి. నెమ్మది కదలికనే అంచెలంచెలుగా వేగం పెంచితే అది వేగపు కదలికగా మారదు, అలాగే బిగుసుకుంటుంది. అందుకని నెమ్మది సాధనతోపాటు దానికి ఎదురు సాధన కూడా ఉండాలి. నాలుగు స్వరాలు, అయిదో స్వరం మీద ఆగేలా, అసలు కావలసిన వేగంలోనే వాయించాలి. ఆగిన చోట చెయ్యి పూర్తిగా వదులు చెయ్యాలి, తరవాతి నాలుగు ఏ మెట్ల మీద పడతాయో చూసుకోవాలి, అప్పుడు కదలాలి. కొన్నాళ్ళకి నాలుగు ఎనిమిదవుతాయి, ఆగే చోట్లు తగ్గుతాయి. మధ్యమధ్యలో లయ మార్చడం కూడా పనిచేస్తుంది: సమానంగా ఉన్న స్వరాలని పొడవు-పొట్టి, పొడవు-పొట్టిగా, ఆ తరవాత పొట్టి-పొడవుగా. ప్రతి జంటలో ఒక కదలిక వేగంగా, ఇంకోటి విశ్రాంతిగా జరుగుతుంది కాబట్టి ఏ రెండు వేళ్ళ మధ్య బలహీనత ఉందో బయటపడుతుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఇళ్ళలో మూడు కాలాల అలవాటు ఉంటుంది. సరళీ వరసలు ఒకటో కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో వేగం రెట్టింపు చేస్తూ పాడతారు. తాళం మారకుండా వేగం మారడమంటే ఏమిటో ఆ పిల్లలకి ఒంట్లో ఉంటుంది, మెట్రోనోమ్ చెప్పుచేతల్లో ఉండటం వాళ్ళకి తేలిక. ఆ అలవాటుని పియానోకి తెచ్చుకోవచ్చు, ఒక జాగ్రత్తతో: రెట్టింపు వేగంలో వేళ్ళ వరస మారకూడదు. ఒకటో కాలంలో ఏ వేలు దొరికితే ఆ వేలితో వాయించేసి, మూడో కాలంలో వేళ్ళు చాలక కంగారుపడటం తరచూ కనిపిస్తుంది. మూడో కాలానికి పనికొచ్చే వేళ్ళనే మొదటి కాలంలోనూ పెట్టాలి.

రెండు చేతులు కలవడం

కుడిచెయ్యి పాటంతా నేర్చేసుకుని, ఆ తరవాత ఎడమచెయ్యి పాటంతా నేర్చుకుని, చివరికి రెండూ కలుపుదామనుకోవడం సర్వసాధారణం. కలిపే రోజు వచ్చేసరికి రెండు చేతులకీ వేర్వేరు వేగాలు, వేర్వేరు ఊపిరి చోట్లు అలవాటైపోయి ఉంటాయి. రెండు బార్లు కుడి, అవే రెండు బార్లు ఎడమ, వెంటనే కలిపి. అంతే. ఆ రెండు బార్లు కలిశాకే మూడోది. కలిపే వేగం విడి చేతుల వేగంలో సగానికి మించకూడదు మొదట్లో.

స్కేల్స్ విషయంలో ఒక చిన్న మార్పు చాలా శ్రమ తప్పిస్తుంది. రెండు చేతులతో కలిపి వాయించే మొదటి స్కేల్‌గా అందరూ సి మేజర్ తీసుకుంటారు, నల్లమెట్లు లేవు కాబట్టి. చదవడానికి అది తేలికే. చేతులకి మాత్రం కష్టం: ఎక్కేటప్పుడు కుడి బొటనవేలు ఎఫ్ దగ్గర మారుతుంది, ఎడమచేతిలో వేళ్ళు జి దాటాక మారతాయి. రెండు మార్పులూ వేర్వేరు సమయాల్లో. బి మేజర్‌లో అయిదు నల్లమెట్లున్నా రెండు బొటనవేళ్ళూ ఇ మీద, బి మీద ఒకేసారి పడతాయి. పొడుగు వేళ్ళన్నీ నల్లమెట్ల మీద సహజంగా కూర్చుంటాయి. కుడిచెయ్యి 1-2-3-1-2-3-4-1, ఎడమచెయ్యి 4-3-2-1-4-3-2-1. పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులకి స్కేల్స్ బి మేజర్‌తోనే మొదలుపెట్టించేవాడు. సి మేజర్‌ని రెండు చేతులతో నెలల తరబడి ఈడ్చేవాళ్ళు ముందు బి మేజర్ కుదుర్చుకుని వెనక్కి వస్తే, రెండు చేతులు కలవడమంటే ఎలా ఉంటుందో చేతికి తెలిసి ఉంటుంది.

ఒక చేతిలో మూడు, ఇంకో చేతిలో రెండు వచ్చే చోట్లని పియానో ముందు కూర్చుని ఛేదించడం దండగ. తొడల మీద రెండు చేతులతో కొట్టుకుంటే చాలు. ఆరు లెక్కపెట్టాలి. కుడిచెయ్యి 1, 3, 5 మీద. ఎడమచెయ్యి 1, 4 మీద. వినబడే వరస: రెండూ కలిసి, కుడి, ఎడమ, కుడి. తిశ్రం తెలిసినవాళ్ళు కుడిచేత్తో తకిట అనుకుంటూ ఎడమచెయ్యి “కి”కీ “ట”కీ సరిగ్గా మధ్యలో పడేలా చూసుకుంటే సరిపోతుంది. మెట్లమీదికి వెళ్ళేది అది నిద్రలో కూడా వచ్చాక.

కీబోర్డు తెచ్చిపెట్టే చిక్కులు

మన ఇళ్ళలో పియానో అంటే ఎక్కువగా 61 మెట్ల కీబోర్డే. మొదటి ఏడాదికి అది చాలు, తప్పేమీ లేదు. ఆ తరవాత అది మూడు రకాలుగా అడ్డుపడుతుంది.

మొదటిది బరువు. అసలు పియానోలో మెట్టు దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు కావాలి, ఒక కోడిగుడ్డంత. లోపల సుత్తి లేచి తీగని కొడుతుంది. మెట్టు ఎంత వేగంగా దిగితే శబ్దం అంత పెద్దది. చవక కీబోర్డుల్లో మెట్టు కింద ఉండేది స్ప్రింగో రబ్బరో. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకే శబ్దం వచ్చే కీబోర్డు మీద రెండేళ్ళు వాయించిన చెయ్యికి, కుడిచేతి పాట పైకి వినబడాలి, ఎడమచెయ్యి వెనక ఉండాలి అన్న తేడా చెయ్యడం అసలు తెలియదు. ఇది వాయించేవాళ్ళ లోపం కాదు, వాళ్ళకి ఆ తేడా ఎప్పుడూ వినబడలేదు.

రెండోది స్టైల్ బటన్. ఎడమచేత్తో ఒక కార్డ్ పట్టుకుంటే డ్రమ్ములు, బేస్ అన్నీ యంత్రమే వాయిస్తుంది. సినిమా పాట వెంటనే నిండుగా వినిపిస్తుంది కాబట్టి ఇంట్లో అందరికీ సంతోషం. అలా రెండేళ్ళు గడిస్తే కుడిచేతికి రెండేళ్ళ అనుభవం, ఎడమచేతికి రెండు వారాల అనుభవం. అసలు పియానో పాట ముందుకొచ్చాక ఆ తేడా బయటపడుతుంది. బటన్ కట్టేసి, ఎడమచేత్తో కార్డ్‌ని విడి స్వరాలుగా, కింది స్వరం, పై స్వరం, మధ్య స్వరం, పై స్వరం వరసలో, వాయించడం రోజుకి పది నిమిషాలు చేస్తే రెండు మూడు నెలల్లో లోటు చాలావరకు పూడుతుంది.

మూడోది ట్రాన్స్‌పోజ్ బటన్. పాట ఒకటిన్నర శ్రుతిలో ఉన్నా అయిదు శ్రుతిలో ఉన్నా బటన్ నొక్కి సి మేజర్ మెట్ల మీదే వాయించేస్తారు. నల్లమెట్లు చేతికి పరాయివిగానే మిగిలిపోతాయి. తెలిసిన చిన్న పాటని వారానికొక శ్రుతిలో, బటన్ లేకుండా వాయించడం దీనికి విరుగుడు. “స” ఎక్కడైనా ఉండొచ్చన్న అలవాటున్న కర్ణాటక సంగీత విద్యార్థులు ఇందులో మిగతావాళ్ళకంటే ముందుంటారు. ఆ బలాన్ని బటన్‌కి అప్పగించడం అన్యాయం.

కొనే స్తోమత ఉంటే 88 మెట్ల, సుత్తి బరువున్న డిజిటల్ పియానో రెండో ఏటి నుంచి అవసరం. హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు కాబట్టి అపార్ట్‌మెంట్లలో రాత్రి పదింటికైనా సాధన సాగుతుంది. తీగల పియానో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా విశాఖ, కాకినాడలాంటి సముద్రపు గాలి ఊళ్ళలో, వానాకాలంలో మెట్లు బరువెక్కినా, నొక్కిన మెట్టు పైకి లేవకపోయినా చేతిని తిట్టుకోకూడదు. చెమ్మకి చెక్క, ఫెల్ట్ ఉబ్బుతాయి. ఏడాదికి రెండుసార్లు ట్యూనర్‌ని పిలవడం సాధనలో భాగమే.

చదవడం రాకపోవడం

గ్రేడ్ పరీక్షలకి వెళ్ళే పిల్లల్లో కనిపించే పెద్ద అడ్డంకి ఇదే. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం అనే బ్రిటన్ సంగీత బోర్డుల పరీక్షలు మన దగ్గర బాగా నడుస్తున్నాయి. ఏడాదంతా పరీక్ష పాటలు మూడే, వాటినే అరగదీస్తారు. ఒక్కో స్వరం గుర్తుపట్టి, బట్టీ పట్టి, ఆ తరవాత కాగితం వంక చూడరు. మార్కులు వస్తాయి, గ్రేడ్లు పెరుగుతాయి, కొత్త కాగితం ముందు పెడితే మొదటి ఏడాది పిల్లవాడిలా మెట్లు లెక్కపెట్టుకుంటారు. నాలుగో గ్రేడో అయిదో గ్రేడో వచ్చేసరికి పాటలు పొడవవుతాయి, బట్టీకి అందవు.

ఏబీఆర్ఎస్ఎం ప్రాక్టికల్ పరీక్ష మార్కులు చూసినా ఈ పద్ధతి గిట్టుబాటు కాదు. మొత్తం 150లో మూడు పాటలకీ కలిపి 90. స్కేల్స్‌కి 21, సైట్ రీడింగ్‌కి (ముందు చూడని కాగితం చదివి వాయించడం) 21, వినికిడి పరీక్షకి 18. అంటే 60 మార్కులు పాటల బయట ఉన్నాయి. పాస్ కావడానికి 100 కావాలి.

చదవడం మెరుగుపడాలంటే రోజుకి అయిదు నిమిషాలు, ప్రతిరోజూ ఇంతకుముందు చూడని కాగితం, ప్రస్తుత గ్రేడుకి రెండు మెట్లు కింద ఉన్నది. మొదలుపెట్టేముందు అర నిమిషం కేవలం చూడాలి: ఎన్ని షార్ప్‌లు లేదా ఫ్లాట్‌లు (స్వరాన్ని పక్క మెట్టుకి పెంచే, తగ్గించే గుర్తులు), ఏ తాళం, చిక్కు లయ ఎక్కడుంది, చేతులు ఎక్కడ మొదలవుతాయి. ఆ తరవాత ఎంత నెమ్మదిగానైనా సరే, ఆగకుండా చివరిదాకా. తప్పు స్వరం పడితే పడనివ్వాలి, లయ తప్పకూడదు. పాట సాధనలో తప్పు దగ్గర ఆగాలి, చదివే సాధనలో ఆగకూడదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే రెండూ చెడతాయి.

స్వరాల్ని ఒక్కొక్కటిగా పేరు పెట్టి గుర్తుపట్టడం చాలా నెమ్మది పని. మూడు గుర్తు స్తంభాలు చాలు: మిడిల్ సి (మెట్ల వరసలో నడిమి సి), ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాల గీతల మొదట ఉండే గుర్తు) చుట్టుకునే రెండో గీత మీద జి, బేస్ క్లెఫ్ (కింది స్వరాల గీతల గుర్తు) రెండు చుక్కల మధ్య నాలుగో గీత మీద ఎఫ్. మిగతాదంతా దూరం చూసి చదవాలి. గీత నుంచి పక్క గీతకి వెళ్తే మధ్యలో ఒక స్వరం వదిలినట్టు. గీత నుంచి పక్క ఖాళీకైతే పక్క స్వరమే. మెట్ల మీద అంటించిన స్టిక్కర్లు రెండో నెల దాటాక తీసేయాలి. కళ్ళు మెట్ల మీద అక్షరాలు చదువుతున్నంతకాలం కాగితం చదవవు. రెండు నల్లమెట్ల గుంపు మధ్య ఉన్నది డి, మూడు నల్లమెట్ల గుంపుకి ఎడమ పక్కది ఎఫ్. ఈ రెండూ వేళ్ళతో తడిమి తెలుసుకోగలిగితే చేతుల వంక చూడాల్సిన పని సగం తగ్గుతుంది.

ఒళ్ళు

మెట్టు కిందికి చేరాక ఇంకా నొక్కడం వల్ల శబ్దంలో ఏ మార్పూ రాదు. సుత్తి అప్పటికే తీగని కొట్టి వెనక్కి వచ్చేసింది. అయినా చాలామంది నొక్కుతూనే ఉంటారు. పరీక్షించుకోవడానికి ఒక మార్గముంది. ఒక స్వరం వాయించి, మెట్టుని కిందే ఉంచి, మణికట్టుని పైకీ కిందికీ మెల్లగా ఊపి చూడాలి. ఊగకపోతే ఆ చేతిలో అక్కర్లేని బలం ఉంది. వాయించని వేళ్ళు, ముఖ్యంగా చిటికెనవేలు, గాల్లోకి నిక్కుకుని ఉన్నా అదే సూచన. భుజాలు చెవులవైపు లేవడం చివరగా కనిపిస్తుంది, అప్పటికే ఆలస్యం.

సగం బిగువు స్టూల్ వల్ల వస్తుంది. ముంజేయి నేలకి సమాంతరంగా, మోచేయి మెట్ల ఎత్తులో లేదా రవ్వంత పైన ఉండాలి. డైనింగ్ కుర్చీ దీనికి సాధారణంగా తక్కువ ఎత్తు. మణికట్టు కిందికి వేలాడుతుంది. పిల్లల ఎత్తుకి స్టూల్ పెంచితే కాళ్ళు గాల్లో ఉంటాయి, అప్పుడు కాళ్ళ కింద పీట వెయ్యాలి. కాళ్ళు ఆననివాళ్ళ నడుము బిగుస్తుంది, అది చేతిదాకా వస్తుంది.

ఆక్టేవ్ (ఒక సి నుంచి పై సి దాకా ఉన్న దూరం) వెడల్పు దాదాపు 16.5 సెంటీమీటర్లు. చెయ్యి చిన్నదైనవాళ్ళు సాగదీసి పట్టుకుని వరసగా ఆక్టేవ్‌లు వాయించడం ప్రమాదం. కింది స్వరం వదిలేయొచ్చు, లేదా రెండు స్వరాలనీ ఒకదాని వెంట ఒకటి దొర్లించొచ్చు. అలసటకీ నొప్పికీ తేడా తెలియాలి: అలసట చెయ్యి దింపగానే పోతుంది. గుచ్చినట్టు నొప్పి, తిమ్మిరి, వేళ్ళు మొద్దుబారడం వస్తే ఆరోజుకి ఆపేయాలి. రెండు మూడు రోజుల విశ్రాంతితో తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. నొప్పిని ఓర్చుకుని వాయిస్తే బలం వస్తుందన్నది పియానో విషయంలో పచ్చి అబద్ధం.

పెడల్, జ్ఞాపకం

పెడల్ (కాలితో నొక్కితే స్వరాలని మోగుతూనే ఉంచేది) వాడితే అంతా కలగాపులగంగా వినబడుతోందంటే కాలు చేతితోపాటే దిగుతోందన్నమాట. కొత్త కార్డ్ పడే క్షణంలో కాలు లేవాలి, అది మోగాక మళ్ళీ దిగాలి. చెయ్యి కిందికి, కాలు పైకి. ఆ వెంటనే కాలు కిందికి. రెండు కార్డ్‌లు మాత్రమే తీసుకుని, నాలుగు బీట్లకొకటిగా, కాలు దిగడం రెండో బీట్ మీద పడేలా సాధన చేసి, ఆ తరవాత దగ్గరికి తెచ్చుకోవాలి.

ఇంట్లో బాగా వచ్చిన పాట వేదిక మీద మరిచిపోవడం వేలి జ్ఞాపకం ఒక్కదాని మీద ఆధారపడటం వల్ల. అది గొలుసులా పనిచేస్తుంది, ఒక లింకు తెగితే మొదటికే వెళ్ళాలి. ‘ఫర్ ఎలీస్’లో మొదటి పాట తిరిగొచ్చేముందు ఇ, డి షార్ప్ ఊగిసలాట మామూలుకన్నా ఎక్కువసేపు సాగుతుంది. ఎన్నిసార్లో లెక్క తెలియనివాళ్ళు అక్కడ ఒకటి ఎక్కువో తక్కువో వాయించి దారి తప్పుతారు. అలాంటి చోట్ల వేళ్ళని నమ్మకుండా లెక్కపెట్టి, కాగితం మీద అంకె వేసి, నోటితో చెప్పగలిగేలా గుర్తుంచుకోవాలి. పాటని ఏడెనిమిది చోట్ల అంకెలు వేసి విడగొట్టి, ఏ అంకె చెబితే అక్కడినుంచి మొదలుపెట్టగలగాలి. ఎడమచెయ్యి ఒక్కటే చూడకుండా వాయించగలిగితే ఆ పాట నిజంగా గుర్తున్నట్టు.

రోజు ఎలా గడపాలి

నలభై నిమిషాలు దొరికాయనుకుంటే, కూర్చోగానే నిన్నటి చిక్కు ముక్కలు ఒక్కోసారి వాయించి నోటుపుస్తకంలో రాసుకోవడం, అయిదు నిమిషాల స్కేల్స్, అయిదు నిమిషాల కొత్త కాగితం, ఆ తరవాత ఇరవై నిమిషాలు మూడు చిక్కు చోట్ల మీద. ఆ మూడింటినీ ఒకదాని తరవాత ఒకటి ముగించకుండా, అయిదేసి నిమిషాలకి మార్చుకుంటూ మళ్ళీ వెనక్కి రావడం మంచిది. అలా మారుస్తూ చేస్తే ఆరోజు కాస్త గజిబిజిగా ఉంటుంది, మర్నాటికి ఎక్కువ నిలుస్తుంది. చివర్లో మిగిలిన నిమిషాలు బాగా వచ్చిన పాత పాట ఒకటి పూర్తిగా, ఆనందం కోసం. ఇది వదులుకోకూడదు, సంగీతం వాయించని సాధన ఎక్కువకాలం సాగదు. వేళ్ళ వరసలు నేర్చుకుని నిద్రపోయి లేచినవాళ్ళు మర్నాడు ఇంకా వేగంగా చెయ్యగలిగారని 2002లో అమెరికాలో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. ఆదివారం మూడు గంటలకన్నా రోజూ అరగంట మేలని చెప్పడానికి అదొక కారణం: మధ్యలో ఆరు రాత్రులు దొరుకుతాయి.

ఒకే చోట మూడు వారాలుగా అంకె కదలకపోతే ఆ పాటని పక్కన పెట్టాలి, నెల తరవాత మళ్ళీ తియ్యాలి. ఈలోగా అదే రకం చిక్కున్న తేలిక పాట ఒకటి పట్టుకోవాలి. అప్పటికీ కదలకపోతే వేళ్ళ వరసే తప్పై ఉండొచ్చు, అది టీచరు చూడాల్సిన పని. క్లాసుకి వెళ్ళి పాటంతా వాయించి వినిపిస్తే అరగంటలో పది నిమిషాలు అందుకే పోతాయి. దానికి బదులు ఆ రెండు బార్లని చేతులు పైనుంచి కనబడేలా ఫోన్‌లో తీసి, ఏ వేగం దగ్గర ఆగిందో, ఏ వేళ్ళు పెట్టి చూశారో చెబితే, టీచరు మొదటి నిమిషం నుంచే ఆ చేతి మీద పని మొదలుపెట్టగలుగుతారు.